హ్యాకర్ బృందాలు, వారి రాజకీయ పత్రికలు

టెలిఫోన్, కంప్యూటర్ వ్యవస్థల లోగుట్టు తెలుసుకోవడమే పనిగా పెట్టుకున్న చిన్న చిన్న బృందాలు 1970లలో అమెరికాలోనూ, 1980లలో ఐరోపా, ఆస్ట్రేలియాల్లోనూ పుట్టుకొచ్చాయి. వీటిలో చాలావాటికి సొంత పత్రికలు ఉండేవి. మొదట అవి తపాలాలో వచ్చే నాలుగు పేజీల కాగితాలు. తర్వాత మోడెమ్‌ల ద్వారా ఊరూరా పాకిన టెక్స్ట్ ఫైళ్లు. ఆ తర్వాత ఇంటర్నెట్ సంచికలు. రాసేవాళ్లు ఎక్కువగా ఇరవై ఏళ్లు దాటని కుర్రవాళ్లు. అందరివీ మారుపేర్లే. జీతాలు లేవు, ప్రకటనల ఆదాయం లేదు, చాలా పత్రికలకు చందా కూడా లేదు. రాజ్యం, పెద్ద కంపెనీలు నడిపే యంత్రాలు ఎలా పనిచేస్తాయో తెలుసుకునే హక్కు మామూలు మనిషికి ఉందన్న నమ్మకం వీటన్నిటినీ కలుపుతుంది.

హ్యాకర్లనగానే జనానికి చొరబాట్లు గుర్తొస్తాయి. కానీ ఈ బృందాల యాభై ఏళ్ల చరిత్రలో చొరబాట్ల కంటే రాతలే ఎక్కువ కాలం నిలిచాయి. దెబ్బతిన్న సర్వర్లను వారం పది రోజుల్లో బాగుచేసుకున్నారు. బయటపెట్టిన వ్యాసాలు మాత్రం కోర్టుల దాకా వెళ్లాయి, ఎన్నికల విధానాలను మార్చాయి, కొన్నిసార్లు రాసినవాళ్లను జైలుకూ పంపాయి.

టెలిఫోన్ పన్ను నుంచి

ఈ పత్రికలన్నిటికీ ముందుది 1971 జూన్‌లో న్యూయార్క్‌లో వెలువడిన ‘యూత్ ఇంటర్నేషనల్ పార్టీ లైన్’. వియత్నాం యుద్ధాన్ని ఎదిరించిన యిప్పీల నాయకుడు ఆబీ హాఫ్‌మన్, ‘అల్ బెల్’ అనే మారుపేరుతో తిరిగిన ఒక ఫోన్ నిపుణుడు కలిసి దీన్ని మొదలుపెట్టారు. యుద్ధ ఖర్చుల కోసం అమెరికా ప్రభుత్వం 1966లో టెలిఫోన్ బిల్లుల మీద పన్నును పది శాతానికి పెంచింది. ఫోన్ ఎత్తిన ప్రతివాడూ తనకు తెలియకుండానే బాంబులకు చందా కడుతున్నాడని యిప్పీల వాదన. అందుకే ఆ పత్రికలో యుద్ధ వ్యతిరేక రాతల పక్కనే, దూరప్రాంతపు కాల్స్ ఉచితంగా చేసుకునే పరికరాల సర్క్యూట్ బొమ్మలు కనిపించేవి.

అప్పటి అమెరికా ఫోన్ వ్యవస్థ చాలావరకు ఏటీ అండ్ టీ అనే ఒక్క కంపెనీ గుప్పిట్లో ఉండేది. లైను ఖాళీగా ఉందని ఎక్స్ఛేంజీలు ఒకదానికొకటి 2600 హెర్ట్జ్ స్వరంతో చెప్పుకునేవి. అదే స్వరాన్ని ఫోన్ రిసీవర్ దగ్గర పలికిస్తే ఎక్స్ఛేంజీ మోసపోయి, ఫోన్ చేసినవాడి చేతికే లైను అప్పజెప్పేది. అల్పాహారపు డబ్బాలో పిల్లల కోసం పెట్టిన ఈల సరిగ్గా ఈ స్వరమే పలికేది. దాన్ని ఇలా వాడుకున్నవారిలో జాన్ డ్రేపర్ ప్రసిద్ధుడు. ఆ డబ్బా పేరే ఆయన మారుపేరైంది: కెప్టెన్ క్రంచ్.

హాఫ్‌మన్ పక్కకు తప్పుకున్నాక పత్రిక పేరు ‘ట్యాప్’గా మారింది. రాజకీయం పల్చబడి సాంకేతికం చిక్కబడింది. పాఠకుడికి కావలసింది ఉద్యమమా, ఉపాయమా అన్న ఈ పెనుగులాట తర్వాత వచ్చిన ప్రతి హ్యాకర్ పత్రికలోనూ ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. 1983లో ట్యాప్ సంపాదకుడి ఇంట్లో దొంగతనం జరిగింది, ఇంటికి నిప్పు కూడా పెట్టారు. మరుసటి ఏడాది పత్రిక ఆగిపోయింది.

బులెటిన్ బోర్డుల కాలం

ట్యాప్ ఆగిన 1984లోనే మూడుచోట్ల కొత్త అంకురాలు వచ్చాయి. న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో ‘2600’ పత్రిక, పశ్చిమ జర్మనీలో ‘డాటెన్‌ష్లాయిడర్’, టెక్సస్ రాష్ట్రపు లబక్ పట్టణంలో ‘కల్ట్ ఆఫ్ ద డెడ్ కౌ’ బృందం. ఆ ఏడాది పేరుతోనే ఉన్న నవలలో జార్జ్ ఆర్వెల్ చిత్రించిన నిఘా రాజ్యం ఈ కుర్రాళ్ల మనసుల్లో బలంగా ఉండేది. 2600 సంపాదకుడు ఎరిక్ కోర్లీ తన మారుపేరుగా ఆ నవలలోని రాజ్యద్రోహి పేరు ఇమాన్యుయేల్ గోల్డ్‌స్టీన్‌నే పెట్టుకున్నాడు.

అప్పటి పరికరాల గురించి కొంచెం తెలిస్తే గానీ ఈ పత్రికల రూపం అర్థం కాదు. ఎవరో ఒకరు తన ఇంటి కంప్యూటర్‌ను ఫోన్ లైనుకు తగిలించి బులెటిన్ బోర్డుగా నడిపేవాడు. ఒక లైను ఉంటే ఒకసారికి ఒక్కరే లోపలికి వచ్చేది. మోడెమ్‌లు సెకనుకు 300 లేదా 1200 బిట్ల వేగంతో నడిచేవి, అంటే తెర మీద అక్షరాలు కంటితో చదవగలిగే వేగంతో వచ్చేవి. బొమ్మలు పంపడం మాటే లేదు. ఉన్నదల్లా వట్టి అక్షరాలు. అందువల్ల పత్రిక అంటే ఒక టెక్స్ట్ ఫైల్, లేదా అలాంటి ఫైళ్ల మూట. ఒక బోర్డు నుంచి దించుకుని మరో బోర్డుకు ఎక్కించడమే పంపిణీ. వేరే రాష్ట్రంలోని బోర్డుకు ఫోన్ చేస్తే బిల్లు తల్లిదండ్రులకు చేరేది. ఆ భయమే చాలామందిని ఫోన్ వ్యవస్థను మోసగించే విద్య వైపు నడిపింది.

కల్ట్ ఆఫ్ ద డెడ్ కౌ వారి ఫైళ్లలో మొదట్లో రాజకీయం తక్కువ, అల్లరి ఎక్కువ. వింత కథలు, రాక్ సంగీతం, మతాల మీద వెక్కిరింతలు ఉండేవి. రాజకీయ స్పృహ వారికి పదేళ్ల తర్వాత వచ్చింది. 1985 నవంబరులో మిస్సోరి రాష్ట్రపు సెయింట్ లూయిస్ నుంచి మొదలైన ‘ఫ్రాక్’ దారి వేరు. ‘టారన్ కింగ్’, ‘నైట్ లైట్నింగ్’ అనే మారుపేర్లున్న ఇద్దరు విద్యార్థులు దాన్ని స్థాపించారు. ఫోన్ స్విచ్‌లు, కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎలా పనిచేస్తాయో వివరించే వ్యాసాలు, హ్యాకర్ లోకపు వార్తలు, ఎవరెవరు పట్టుబడ్డారో తెలిపే సమాచారం అందులో వచ్చేవి.

ఫ్రాక్ ఏడో సంచికలో వచ్చిన ఒక చిన్న వ్యాసం మొత్తం హ్యాకర్ లోకానికి ప్రకటనా పత్రమైపోయింది. 1986 జనవరి 8న దాన్ని రాసినవాడు ‘ద మెంటర్’ అనే మారుపేరు గల లాయిడ్ బ్లాంకెన్‌షిప్. అరెస్టయిన కొద్దికాలానికే రాశాడు. బడిలో విసుగెత్తిన తెలివైన పిల్లవాడికి కంప్యూటర్‌లో ఒక లోకం దొరుకుతుందని, అక్కడ రంగు, జాతి, మతం అడిగేవాళ్లు ఉండరని, తన నేరమల్లా కుతూహలమేనని ఆ వ్యాసం సారాంశం. దానిలో కౌమారపు అహంకారం పుష్కలంగా ఉంది. అయినా అణుబాంబులు తయారుచేసేవాళ్లు, యుద్ధాలు చేసేవాళ్లు తమను నేరస్థులంటారేమిటని అది అడిగిన ప్రశ్న తర్వాతి తరాలను పట్టుకుని వదల్లేదు.

పదమూడు డాలర్ల పత్రం

రాతను దొంగతనంగా చూడవచ్చా అన్న ప్రశ్న ఫ్రాక్ వల్ల కోర్టుకెక్కింది. 1988లో ‘లీజియన్ ఆఫ్ డూమ్’ బృందంలోని ఒకడు అమెరికా దక్షిణాది రాష్ట్రాల ఫోన్ కంపెనీ బెల్‌సౌత్ కంప్యూటర్ నుంచి ఒక పత్రాన్ని కాపీ చేసుకున్నాడు. అత్యవసర సేవల 911 నంబరును కంపెనీలో ఏ విభాగం ఎలా నిర్వహించాలో చెప్పే ఆఫీసు కాగితమది, చదివితే నిద్రొచ్చే రకం. అది చేతులు మారి ఫ్రాక్ సంపాదకుడు క్రెయిగ్ నైడార్ఫ్‌కు చేరింది. ఆయనే నైట్ లైట్నింగ్. ఆయన దాన్ని కుదించి 1989 ఫిబ్రవరిలో 24వ సంచికలో వేశాడు.

1990 జనవరి 15న ఏటీ అండ్ టీ దూరప్రాంతపు ఫోన్ వ్యవస్థ దేశమంతటా గంటల తరబడి కుప్పకూలింది. కారణం కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌లోని తప్పు. కానీ హ్యాకర్ల మీద అనుమానం అప్పటికే ముదిరి ఉంది. కొద్ది రోజుల్లోనే సీక్రెట్ సర్వీస్ అధికారులు మిస్సోరి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న నైడార్ఫ్ తలుపు తట్టారు. మార్చి 1న టెక్సస్‌లోని ఆస్టిన్ నగరంలో స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే బల్లపై ఆడే ఆటల కంపెనీ మీద దాడి చేసి కంప్యూటర్లు ఎత్తుకెళ్లారు. మెంటర్ అక్కడ ఉద్యోగి కావడమే దానికి కారణం. మే నెలలో ‘ఆపరేషన్ సన్‌డెవిల్’ పేరుతో పలు నగరాల్లో సోదాలు జరిగాయి.

నైడార్ఫ్ విచారణ 1990 జులైలో చికాగోలో మొదలైంది. ఆ పత్రం విలువ 79,449 డాలర్లని బెల్‌సౌత్ లెక్కచెప్పింది. దాన్ని టైపు చేసిన కంప్యూటర్ పూర్తి ధర, ప్రింటర్ ధర కూడా అందులో కలిపేశారు. అదే 911 వ్యవస్థ గురించి అంతకంటే ఎక్కువ వివరాలున్న పుస్తకాన్ని ఫోన్ కంపెనీల ఉమ్మడి సంస్థ బెల్‌కోర్ 13 డాలర్లకు ఎవరికైనా పోస్టులో పంపుతుందని ప్రతివాదులు కోర్టులో చూపించారు. విచారణ మొదలైన కొద్ది రోజులకే ప్రభుత్వం కేసు వెనక్కి తీసుకుంది. నైడార్ఫ్ నిర్దోషిగా ఇంటికి వెళ్లాడు గానీ, ఒక విద్యార్థి కుటుంబం నెత్తిన లాయర్ల ఖర్చు దాదాపు లక్ష డాలర్లు పడింది. చట్టం చేతిలో ఓడిపోకపోయినా మనిషి దివాలా తీయవచ్చని ఈ కేసు చూపింది. అధికారుల కోపానికి గురైన ప్రతి చిన్న పత్రికకూ ఇది తెలిసిన బాధే.

ఈ దాడులు చూసి చలించిన మిచ్ కేపర్, జాన్ పెరీ బార్లో, జాన్ గిల్మోర్ 1990 జులైలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌ను స్థాపించారు. కంప్యూటర్ కాలపు పౌరహక్కుల కోసం నేటికీ పోరాడుతున్న సంస్థ ఇది. స్టీవ్ జాక్సన్ గేమ్స్ 1993లో సీక్రెట్ సర్వీస్ మీద కేసు గెలిచి 50,000 డాలర్లకు పైగా పరిహారం పొందింది. చదవని ఈమెయిల్‌ను ఎత్తుకెళ్లడం చట్టవిరుద్ధమని ఆ తీర్పు చెప్పింది.

2600 కోర్టుకెక్కిన తీరు ఇంకోలా ఉంది. నార్వే కుర్రాడు జాన్ లెక్ జొహాన్సెన్ పేరుతో ముడిపడిన, డీవీడీల తాళం విప్పే ప్రోగ్రామ్‌ను 2600 తన వెబ్‌సైట్‌లో పెట్టినందుకు హాలీవుడ్ స్టూడియోలు 2000లో దావా వేశాయి. పత్రిక ఓడింది. 2001లో అప్పీలు కోర్టు కంప్యూటర్ కోడ్ కూడా భావప్రకటనే అని ఒప్పుకుంది, కానీ దాన్ని నిషేధించవచ్చని, ఆ కోడ్ ఉన్న చోటికి లింకు ఇవ్వడం కూడా తప్పేనని తేల్చింది.

జర్మనీ: ఖాళీ చేతులతో కాదు, రుజువుతో

రాజకీయ స్పష్టతలో అమెరికన్ల కంటే జర్మన్లు చాలా ముందున్నారు. కేయాస్ కంప్యూటర్ క్లబ్ 1981 సెప్టెంబరు 12న పశ్చిమ బెర్లిన్‌లో వామపక్ష దినపత్రిక ‘టాట్స్’ కార్యాలయంలో పుట్టింది. దాని పెద్దదిక్కు వావ్ హాలండ్. కంప్యూటర్లు పోలీసులకూ కంపెనీలకూ మాత్రమే ఉంటే ప్రజాస్వామ్యం ఒంటికాలి మీద నిలబడుతుందని ఆయన అభిప్రాయం. ప్రజల సొత్తయిన సమాచారం అందరికీ అందాలి, వ్యక్తుల సొంత సమాచారానికి రక్షణ ఉండాలి అన్న రెండు భాగాల సూత్రం ఈ క్లబ్బుదే. 1984 నుంచి వస్తున్న డాటెన్‌ష్లాయిడర్ ఆ సూత్రానికి గొంతు.

జర్మన్ తపాలా శాఖ అప్పట్లో బీటీఎక్స్ అనే సేవ నడిపేది. ఫోన్ లైను ద్వారా టీవీ తెర మీదికి పేజీలు వచ్చేవి, కొన్ని పేజీలకు రుసుము ఉండేది. దాని భద్రత గట్టిదని శాఖ చెప్పుకునేది. 1984 నవంబరులో హాలండ్, స్టెఫెన్ వెర్నెరీ హాంబర్గ్‌లోని ఒక పొదుపు బ్యాంకు సంకేతపదాన్ని సంపాదించి, ఆ బ్యాంకు ఖాతాతో తమ క్లబ్బు పేజీనే రాత్రంతా మళ్లీ మళ్లీ తెరిపించారు. పేజీ తెరిచిన ప్రతిసారీ 9.97 మార్కులు. తెల్లవారేసరికి దాదాపు 1,35,000 మార్కులు క్లబ్బు ఖాతాలో జమపడ్డాయి. వారు వెంటనే విలేకరుల ముందుకు వచ్చి జరిగింది చెప్పి, డబ్బు తిరిగిచ్చారు. డబ్బు తిరిగివ్వడమే ఈ చర్యకు ప్రాణం. అంత సొమ్ము ముట్టకుండా లోపాన్ని మాత్రమే చూపినవాణ్ని దొంగ అనడం ఎవరికైనా కష్టమే.

ఆ గీత దాటినవాళ్ల గతి కూడా జర్మనీలోనే కనిపించింది. క్లబ్బు చుట్టుపక్కల తిరిగిన హనోవర్ కుర్రాళ్లు కొందరు అమెరికన్ కంప్యూటర్ల నుంచి తెచ్చిన సమాచారాన్ని తూర్పు బెర్లిన్‌లో సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అమ్మారు. వారిలో కార్ల్ కోహ్ 1989లో, 23 ఏళ్ల వయసులో, అడవిలో కాలిన శవమై కనిపించాడు. ఈ ఉదంతం క్లబ్బులో ఏళ్ల తరబడి అనుమానాలనూ చీలికలనూ మిగిల్చింది.

2008 మార్చిలో డాటెన్‌ష్లాయిడర్ 92వ సంచిక చేసిన పని పత్రికా చరిత్రలోనే అరుదైనది. అప్పటి జర్మన్ హోంమంత్రి వోల్ఫ్‌గాంగ్ షొయిబ్లె పాస్‌పోర్టుల్లో వేలిముద్రలు ఉండాలని గట్టిగా సమర్థించేవారు. ఆయన నీళ్లు తాగిన గ్లాసు మీది వేలిముద్రను సంపాదించి క్లబ్బు పత్రికలో అచ్చువేసింది. ముద్రతో పాటు, వేలికి అతికించుకోగల పల్చటి పొరను కూడా సంచికలో జతచేసింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలు పోతే మార్చుకోలేం అన్న సంగతిని ఇంత సూటిగా చెప్పిన మరో వ్యాసం లేదు. తెలుగు పాఠకులకు దీని అసలు అర్థం పదేళ్ల తర్వాత తెలిసింది. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ దొరికే ఆస్తి దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు తీసి, వాటితో రబ్బరు ముద్రలు చేయించి, ఆధార్ ఆధారంగా సిమ్‌లు ఆన్ చేసిన కేసు బయటపడింది.

2011 అక్టోబరులో క్లబ్బు మరో దెబ్బ కొట్టింది. పోలీసులు అనుమానితుల కంప్యూటర్లలో రహస్యంగా పెట్టే నిఘా సాఫ్ట్‌వేర్‌ను విశ్లేషించి, రాజ్యాంగ న్యాయస్థానం అనుమతించిన హద్దులను అది దాటుతోందని చూపింది. ఒక పెద్ద జర్మన్ దినపత్రిక ఆదివారం సంచిక ఆ కోడ్‌ను పేజీల నిండా అచ్చువేసింది. ఒకప్పటి చాటుమాటు పత్రిక పద్ధతి ఆ రోజు దేశపు ప్రధాన పత్రికలోకి వచ్చేసింది.

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి హైదరాబాద్ దాకా

నెదర్లాండ్స్‌లో 1989 నుంచి 1994 దాకా ‘హాక్-టిక్’ అనే పత్రిక వచ్చింది. సంపాదకుడు రోప్ గోంగ్రైప్. 1989 ఆగస్టులో ఆయన బృందం ఆమ్‌స్టర్‌డామ్‌లోని పారడీసో అనే సంగీత భవనంలో అంతర్జాతీయ హ్యాకర్ల సభ జరిపింది. ఆ పత్రిక చుట్టూ చేరినవాళ్లే 1993లో ‘ఎక్సెస్ ఫర్ ఆల్’ అనే ఇంటర్నెట్ సంస్థ పెట్టారు. మామూలు డచ్చి పౌరుడికి ఇంటర్నెట్ తలుపు తెరిచిన తొలి సంస్థల్లో అదొకటి.

గోంగ్రైప్ తర్వాత ఓటింగ్ యంత్రాల మీద పడ్డాడు. 2006లో ఆయన బృందం డచ్చి ఎన్నికల్లో వాడే నెడాప్ యంత్రాన్ని తెరిచి, లోపలి చిప్‌లు మార్చి, ఓట్లు తారుమారు చేయవచ్చని చూపింది. అది కేవలం ఓట్లు లెక్కించే పెట్టె కాదు, మామూలు కంప్యూటరేనని తెలియజెప్పడానికి దానితో చదరంగం కూడా ఆడించారు. 2008కల్లా నెదర్లాండ్స్ మళ్లీ కాగితపు బ్యాలెట్‌కూ ఎర్ర పెన్సిల్‌కూ తిరిగి వెళ్లింది. జర్మనీలో 2009 మార్చి 3న రాజ్యాంగ న్యాయస్థానం, సాంకేతిక పరిజ్ఞానం లేని పౌరుడు సైతం ఎన్నికలోని ముఖ్య దశలను సరిచూసుకోగలగాలని చెప్పి, అప్పటి ఓటింగ్ కంప్యూటర్ల వాడకాన్ని రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది.

ఈ దారి మన దగ్గరికి 2010లో చేరింది. హైదరాబాద్‌కు చెందిన నెట్‌ఇండియా సంస్థ అధిపతి వేమూరి హరికృష్ణ ప్రసాద్, మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్, గోంగ్రైప్ కలిసి భారతీయ ఈవీఎంను తొలిసారి స్వతంత్రంగా పరీక్షించారు. యంత్రపు డిస్‌ప్లే బోర్డును మార్చి మొబైల్ ఫోన్‌తో ఫలితాన్ని శాసించడం, పోలింగ్‌కూ లెక్కింపుకూ మధ్య చిన్న పరికరాన్ని తగిలించి మెమరీలోని ఓట్లను మార్చడం అనే రెండు దాడులను వారు చూపించారు. ఎన్నికల సంఘం వారి నిర్ధారణలను తోసిపుచ్చింది. యంత్రం దగ్గరకు చేరగలిగితేనే ఇవి సాధ్యమని, తమ భద్రతా ఏర్పాట్లలో ఆ అవకాశం లేదని దాని వాదన.

2010 ఆగస్టు 21న పోలీసులు హైదరాబాద్‌లో హరికృష్ణ ప్రసాద్‌ను అరెస్టు చేసి ముంబై తీసుకెళ్లారు. ఆ యంత్రం ముంబైలోని ప్రభుత్వ గిడ్డంగి నుంచి పోయిందని కేసు. దాన్ని ఎవరిచ్చారో చెప్పడానికి ఆయన ఒప్పుకోలేదు. వారం రోజులకు బెయిల్ వచ్చింది. అదే ఏడాది ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పయొనీర్ అవార్డు ఇచ్చింది. నైడార్ఫ్ కేసు కడుపున పుట్టిన సంస్థ, ఇరవై ఏళ్ల తర్వాత హైదరాబాద్ ఇంజినీరును సత్కరించడంలో న్యాయమైన కొనసాగింపు ఉంది. రెండు కేసుల్లోనూ లోపం ఉందా లేదా అన్న ప్రశ్న వెనక్కి పోయి, రుజువు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ముందుకొచ్చింది. 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు ఓటరు సరిచూసుకునే కాగితపు చీటీ, అంటే వీవీప్యాట్, ఉండాల్సిందేనని చెప్పింది. మళ్లీ కాగితపు బ్యాలెట్‌కు వెళ్లాలన్న అభ్యర్థనను 2024 ఏప్రిల్‌లో తిరస్కరించింది.

ముగ్గురే పాఠకులు

అన్ని పత్రికలూ జనం కోసం కాదు. 1980ల చివర్లో మెల్‌బోర్న్‌లో ‘ఇంటర్నేషనల్ సబ్‌వెర్సివ్స్’ అనే బృందం అదే పేరుతో ఒక పత్రిక నడిపింది. వ్యాసం రాసినవాడికే సంచిక అందుతుందన్నది నియమం. కనుక సభ్యులు ముగ్గురే రచయితలు, ముగ్గురే పాఠకులు. వారిలో ‘మెండాక్స్’ అనే మారుపేరు వాడినవాడు జూలియన్ అసాంజ్. 1996లో కంప్యూటర్ చొరబాటు నేరాలు ఒప్పుకుని చిన్న జరిమానాతో బయటపడ్డాడు. పదేళ్లకు వికీలీక్స్‌ను స్థాపించి, ఆ ముగ్గురి పత్రిక నియమానికి పూర్తి వ్యతిరేక దిశలో నడిచాడు. 1989 అక్టోబరులో, ప్లుటోనియం మోసుకుపోయే గెలీలియో వ్యోమనౌక ప్రయోగానికి ముందు నాసా కంప్యూటర్లలో అణు వ్యతిరేక సందేశంతో పాకిన ‘వాంక్’ అనే వర్మ్ ప్రోగ్రామ్ మూలాలు కూడా ఆస్ట్రేలియా వైపే చూపించాయి.

హ్యాక్టివిజం

1996లో కల్ట్ ఆఫ్ ద డెడ్ కౌ సభ్యుడు ‘ఒమెగా’ వాడిన ‘హ్యాక్టివిజం’ అన్న మాట కొద్ది ఏళ్లలో ప్రపంచమంతా పాకింది. 1998 ఆగస్టులో ఆ బృందం ‘బ్యాక్ ఆరిఫిస్’ అనే ప్రోగ్రామ్ విడుదల చేసింది. విండోస్ ఉన్న కంప్యూటర్‌ను దూరం నుంచి ఆడించడం ఎంత తేలికో చూపి మైక్రోసాఫ్ట్‌ను సిగ్గుపడేలా చేయడం దాని లక్ష్యం. అదే ఏడాది మెక్సికోలోని జపాటిస్టా రైతులకు మద్దతుగా ‘ఎలక్ట్రానిక్ డిస్టర్బెన్స్ థియేటర్’ అనే కళాకారుల బృందం ప్రభుత్వ వెబ్‌సైట్ల ముందు మూకుమ్మడి ధర్నా లాంటిది నిర్వహించింది. వేలమంది ఒకేసారి పేజీని తెరుస్తూ పోతే సర్వర్ ఊపిరి ఆడక నిలిచిపోతుందన్నది పద్ధతి.

హ్యాక్టివిజం సెగ భారత్‌కూ ఆ ఏడాదే తగిలింది. 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్ అణు పరీక్షలు జరిగాయి. జూన్ మొదటివారంలో ‘మిల్‌వర్మ్’ అనే కుర్రాళ్ల బృందం ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం కంప్యూటర్లలోకి చొరబడి, శాస్త్రవేత్తల ఈమెయిళ్లు కాపీ చేసుకుని, వెబ్ పేజీ మీద అణు వ్యతిరేక సందేశం పెట్టింది. వేర్వేరు దేశాల వాళ్లు, ఒకరినొకరు ఎదురుగా చూడనివాళ్లు. వార్త ప్రపంచమంతా మోగింది. అయితే అణు పరీక్షల చర్చకు ఆ చొరబాటు చేర్చింది దాదాపు ఏమీ లేదు. వారి దగ్గర సందేశం ఉంది, వాదన లేదు.

చొరబాటుకు హద్దు ఎక్కడన్న ప్రశ్న మరుసటి ఏడాది జనవరిలో తేలింది. ‘లీజియన్స్ ఆఫ్ ద అండర్‌గ్రౌండ్’ అనే బృందం ఇరాక్, చైనాల కంప్యూటర్ వ్యవస్థలను ధ్వంసం చేస్తామని యుద్ధం ప్రకటించింది. 1999 జనవరి 7న 2600, ఫ్రాక్, కేయాస్ కంప్యూటర్ క్లబ్, కల్ట్ ఆఫ్ ద డెడ్ కౌ, బోస్టన్‌లోని లాఫ్ట్ తదితరులు ఉమ్మడి ప్రకటనతో దాన్ని ఖండించారు. ఒక దేశపు వ్యవస్థలను కూల్చి అక్కడి ప్రజలకు మేలు చేయలేమని, ఇలాంటి యుద్ధ ప్రకటనలు హ్యాకర్లందరి మీదికీ ప్రభుత్వాల్ని ఉసిగొల్పుతాయని వారు హెచ్చరించారు. యుద్ధం ప్రకటించినవారు వెనక్కి తగ్గారు. హ్యాకర్ పత్రికలు ఒక్క గొంతుతో మాట్లాడిన అరుదైన సందర్భమిది, వాటి రాజకీయ పరిణతికి నా దృష్టిలో అత్యుత్తమ నిదర్శనం కూడా.

అదే కాలంలో కల్ట్ ఆఫ్ ద డెడ్ కౌ ప్రచారం చేసిన ‘హాంకాంగ్ బ్లాండ్స్’ కథ దీనికి పూర్తిగా భిన్నం. చైనా ప్రభుత్వ వ్యవస్థల్లోకి చొరబడే అసమ్మతివాదుల రహస్య దళం ఉందని వారి ఇంటర్వ్యూ ఒకటి ప్రకటించింది. పెద్ద పత్రికలు నమ్మి రాశాయి. అలాంటి దళం ఉన్న దాఖలా ఎప్పుడూ దొరకలేదు. మారుపేర్లు రాసేవాణ్ని కాపాడతాయి, అబద్ధాన్ని కూడా అంతే బాగా కాపాడతాయి. ఈ పత్రికల పాత సంచికల్లో బాంబు తయారీ పద్ధతులు, బూతులు, జాతి దూషణలు కూడా ఉన్నాయి. స్త్రీల పేర్లు వెతికితే గానీ కనిపించవు. పుట్టుకను పట్టించుకోనిదని మెంటర్ చెప్పుకున్న లోకం ఆచరణలో చాలావరకు తెల్లజాతి కుర్రాళ్ల గుంపుగానే మిగిలింది.

హ్యాక్ దిస్ జైన్, ఆ తర్వాత

2000ల మధ్యకాలంలో చికాగోకు చెందిన జెరెమీ హామండ్, ఆయన మిత్రులు ‘హ్యాక్ దిస్ జైన్’ అనే పత్రిక నడిపారు. పాత ఫ్రాక్ పద్ధతిలో ప్రోగ్రామింగ్ పాఠాలు ఉండేవి, వాటి పక్కనే ఇరాక్ యుద్ధ వ్యతిరేకత, అరాచకవాద సిద్ధాంతం, అరెస్టయితే పోలీసులతో ఎలా మాట్లాడాలో చెప్పే సలహాలు. ఆబీ హాఫ్‌మన్ 1971లో కలపాలని చూసిన రెండు పాయలు ఇక్కడ మళ్లీ కలిశాయి. యుద్ధ సమర్థకుల వెబ్‌సైట్‌ను హ్యాక్ చేసినందుకు హామండ్ 2006లో రెండేళ్ల శిక్ష పొందాడు. 2011 డిసెంబరులో స్ట్రాట్‌ఫర్ అనే ప్రైవేటు గూఢచర్య సంస్థ మెయిళ్లను బయటికి తెచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. ఆ పని చేసిన హ్యాకర్ బృందంలో నాయకుడిగా చెలామణి అయిన ‘సాబు’ నెలల ముందే ఎఫ్‌బీఐకి లొంగిపోయి, వారి కనుసన్నల్లో పనిచేస్తున్నాడు. 2013 నవంబరులో హామండ్‌కు పదేళ్ల శిక్ష పడింది.

వికీలీక్స్ 2012లో వెల్లడించిన ఆ యాభై లక్షల మెయిళ్లలో భారతీయులకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది. యూనియన్ కార్బైడ్‌ను కొన్న డౌ కెమికల్ కోసం స్ట్రాట్‌ఫర్, భోపాల్ బాధితుల తరఫున పోరాడే కార్యకర్తల మీద కన్నేసి ఉంచి, ఎప్పటికప్పుడు సమాచారం పంపేది.

‘ఫినియస్ ఫిషర్’ అనే మారుపేరు గల వ్యక్తి ఈ సంప్రదాయాన్ని ఒంటిచేత్తో ముందుకు తీసుకెళ్లాడు. ప్రభుత్వాలకు నిఘా సాఫ్ట్‌వేర్ అమ్మే మిలాన్ సంస్థ హ్యాకింగ్ టీమ్ నుంచి 2015 జులైలో 400 గిగాబైట్ల సమాచారం బయటపెట్టి, ఎలా చేశాడో, ఎందుకు చేశాడో వివరిస్తూ పాత హ్యాకర్ పత్రికల శైలిలో పొడుగాటి టెక్స్ట్ ఫైల్ రాశాడు. ఆ సమాచారంలోని మెయిళ్లలో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కోసమంటూ ఒక మధ్యవర్తి సెల్‌ఫోన్ నిఘా పరికరాల గురించి విచారించిన ఉత్తరం ఉన్నట్టు మన పత్రికలు అప్పట్లో రాశాయి. ఓటుకు నోటు కేసు, ఫోన్ ట్యాపింగ్ ఆరోపణలతో రెండు తెలుగు రాష్ట్రాలు అట్టుడుకుతున్న రోజులవి.

ఫ్రాక్ ఇప్పుడు ఏటేటా రాదు. 1996 నవంబరులో 49వ సంచికలో ‘అలెఫ్ వన్’ రాసిన, మెమరీలోని స్టాక్‌ను పొంగించి ప్రోగ్రామ్‌ను వశం చేసుకునే పద్ధతి గురించిన వ్యాసం నేటికీ కంప్యూటర్ భద్రత చదివే విద్యార్థులు తప్పక చదివే పాఠం. 70వ సంచిక 2021లో, 71వది 2024లో వచ్చాయి. నలభయ్యో ఏటి సంచిక 2025 ఆగస్టులో వెలువడింది. ఉత్తర కొరియా ప్రభుత్వం తరఫున పనిచేస్తున్నట్టు రచయితలు చెప్పిన ఒక హ్యాకర్ కంప్యూటర్ నుంచి తెచ్చిన సమాచారం మీద వ్యాసం అందులో ఉంది. 2600 మూడు నెలలకోసారి అచ్చవుతూనే ఉంది. దాని పాఠకులు నెల మొదటి శుక్రవారం ఊరూరా కలుసుకునే ఆనవాయితీ కూడా ఆగలేదు. బులెటిన్ బోర్డుల కాలపు వేలాది టెక్స్ట్ ఫైళ్లను జేసన్ స్కాట్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1998 నుంచి ఒకచోట చేర్చి భద్రపరుస్తున్నారు. అవీ, ఫ్రాక్ మొదటి సంచిక నుంచి అన్నీ, డబ్బు కట్టకుండా ఎవరైనా చదువుకోవచ్చు.